పుట్టుకే వద్దనే ధర్మంలో పుట్టినరోజు: మహావీర్ జయంతి వెనకున్న ఆలోచన

శ్రీరామనవమి వెళ్లిన నాలుగో రోజు, చైత్ర శుద్ధ త్రయోదశి నాడు జైనుల మహావీర్ జయంతి వస్తుంది. హైదరాబాద్‌లో ఆ రోజు ఒకటి ఊరేగింపు, రెండోది మాంసం దుకాణాలు మూసెయ్యాలన్న జీహెచ్ఎంసీ ఉత్తర్వు, ఈ రెండే అందరి కంటా పడతాయి. 2025లో ఏప్రిల్ 10న పండగ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. అందుకే మనలో చాలామందికి ఇది చికెన్ దొరకని రోజుగానే గుర్తు.

కాస్త దగ్గర నుంచి చూస్తే సందేహాలు మొదలవుతాయి. చైత్రంలో జయంతి చేసుకున్నవాళ్లే మళ్లీ భాద్రపదంలో మహావీరుడు పుట్టాడంటూ ఉయ్యాల ఊపుతారెందుకు? ఆ ఉయ్యాల ఊపడానికి వేలం పాట ఏమిటి? అసలు మళ్లీ పుట్టకుండా ఉండటమే లక్ష్యమని చెప్పే మతంలో పుట్టినరోజుకు అంత సంబరం దేనికి? ముందు చివరి ప్రశ్నతో మొదలుపెడితే మిగతావి తేలికవుతాయి.

పుట్టుకే బంధమైతే పండగ దేనికి?

జైనంలో లోకాన్ని సృష్టించిన దేవుడంటూ లేడు. ప్రతి జీవుడూ తన కర్మను బట్టి పుడుతూ చస్తూ తిరుగుతుంటాడు. కర్మ అంటే ఇక్కడ తలరాత కాదు, మనం చేసే పనుల వల్ల, రాగద్వేషాల వల్ల ఆత్మకు వచ్చి అంటుకునే సూక్ష్మ పదార్థం. కొత్తది అంటకుండా ఆపుకోవడం సంవరం, పాతది రాల్చుకోవడం నిర్జర. పూర్తిగా రాలిపోతే మోక్షం. ఈ లెక్కన ఎవరైనా పుట్టారంటే ఇంకా కర్మ మిగిలి ఉన్నట్టే. అందులో సంబరపడటానికి ఏమీ లేదు.

తీర్థంకరుడంటే సంసారం దాటే దారి చూపే మహాగురువు. ఆయన పుట్టుక సంగతి వేరు. అది ఆ జీవుడి ఆఖరి పుట్టుక. ఇరవై నాలుగో తీర్థంకరుడైన మహావీరుడు పైనుంచి దిగివచ్చిన అవతారం కాదు. జైనుల్లో శ్వేతాంబరులు, దిగంబరులని రెండు ప్రధాన శాఖలున్నాయి. శ్వేతాంబర సంప్రదాయం ఆయనకు 27 ముఖ్య భవాలు, అంటే జన్మలు, చెబుతుంది. మొదటి భవంలో ఆయన నయసారుడు. అడవిలో దారి తప్పిన సాధువులకు అన్నం పెట్టి దారి చూపించాడు. అక్కణ్నుంచి కథ మంచివైపే సాగిందా అంటే అదీ లేదు. గర్వపడ్డాడు, వాసుదేవుడిగా (జైన కథల్లో మహాబలశాలి రాజు) పుట్టి హింస చేశాడు, నరకానికి వెళ్లాడు, సింహమై పుట్టాడు. ఇన్ని ఎత్తుపల్లాలు దాటి వచ్చినవాడి చివరి జన్మ కాబట్టి ఆ రోజును శుభమంటారు.

అదైనా ఒంటరి రోజు కాదు. తీర్థంకరుడి జీవితంలో గర్భంలోకి రావడం, పుట్టడం, దీక్ష తీసుకోవడం, కేవలజ్ఞానం (సంపూర్ణ జ్ఞానం) పొందడం, నిర్వాణం చెందడం అనే ఐదు ఘట్టాలను పంచ కల్యాణకాలంటారు. మనం జయంతి అని పిలిచేదాన్ని జైనులు జన్మ కల్యాణకం అనడానికి ఇదే కారణం. ఐదింటిలో ఇది రెండోది. దీని తర్వాత వచ్చే మూడూ లేకపోతే దీనికి విలువ లేదు.

ఇక ఎప్పుడో పుట్టిన ఆయన్ను తలుచుకుంటే ఇప్పుడున్నవాళ్లకు ఏం ఒరుగుతుంది? జైన ధర్మం ఏ పనినైనా మూడు విధాలుగా చూస్తుంది. తానే చేయడం, ఇంకొకరితో చేయించడం, చేసినవాళ్లను మనసారా మెచ్చుకోవడం. ఈ మూడోదాన్ని అనుమోదన అంటారు. మంచి పనిని మెచ్చుకుంటే ఆ మంచిలో కొంత మనకూ వస్తుంది. హింసను చూసి సంతోషిస్తే ఆ పాపంలోనూ వాటా పడుతుంది. జన్మోత్సవం అంటే అనుమోదనే. ఏది సరైన వేడుక, ఏది కాదు అని జైనులు తమలో తాము వాదించుకునేటప్పుడు ఈ కొలబద్దనే బయటికి తీస్తారు. ఊరేగింపులో బాణసంచా వద్దనేవాళ్ల వాదన కూడా ఇదే. పురుగును చంపకూడదన్నవాడి పేరు చెప్పి పురుగుల్ని కాల్చడం ఏమిటని.

మొట్టమొదటి వేడుక ఎలా జరిగింది?

శ్వేతాంబరుల పవిత్ర గ్రంథం కల్పసూత్రంలో మహావీరుడి పుట్టుక వివరంగా ఉంది. అందులో నాకు బాగా నచ్చే ఘట్టం ఆయన పుట్టకముందుది.

గర్భంలో తాను కదిలితే తల్లికి నొప్పి కలుగుతుందని ఆ శిశువు కదలడం మానేస్తాడు. తల్లి త్రిశల భయపడిపోతుంది. ఇంతకుముందు కదిలేది, ఇప్పుడు కదలడం లేదు, నా గర్భాన్ని ఎవరైనా ఎత్తుకుపోయారా, పోయిందా అని ఏడుస్తుంది. తండ్రి సిద్ధార్థుడి ఇంట్లో మద్దెల మోత, పాటలు ఆగిపోతాయి. ఆ దుఃఖం తెలిసి శిశువు కొద్దిగా కదులుతాడు. తల్లి తేరుకుంటుంది. తల్లిదండ్రులు బతికుండగా తాను ఇల్లు విడిచి సన్యసించనని గర్భంలోనే నియమం పెట్టుకుంటాడు.

మంచికని చేసిన పని ఇంకొకరికి బాధ కలిగించింది, అది గ్రహించి సర్దుకున్నాడు. అహింస మీద పెద్ద పెద్ద ఉపన్యాసాలు చెప్పలేని మెలిక ఈ చిన్న కథలో ఉంది.

పుట్టాక సిద్ధార్థుడు నగర రక్షకుల్ని పిలిచి ఇచ్చిన ఆజ్ఞలు కూడా ఆ గ్రంథంలోనే కనిపిస్తాయి. మొదటి ఆజ్ఞ చెరసాలలో ఉన్నవాళ్లందరినీ విడిచిపెట్టమని. రెండోది తూనికలు, కొలతలు పెంచమని. అంటే కొనేవాడికి ఎక్కువ దక్కాలని. వీధులు తడిపి అలంకరించడం, ఆటపాటలు ఆ తర్వాతే. ఆ పది రోజులూ సుంకాలు, పన్నులు లేవు, జరిమానాలు మాఫీ, అప్పులు రద్దు, రాజభటులు ఎవరి ఇంట్లోకీ చొరబడకూడదు. పన్నెండో రోజు బంధువులందరినీ పిలిచి భోజనం పెట్టి, ఈ బిడ్డ కడుపున పడ్డప్పటి నుంచి ఇంట సంపద వర్ధిల్లింది కాబట్టి వర్ధమానుడని పేరు పెట్టారు.

ఇప్పటి సంఘాలు ఈ రోజున ఖైదీలకు పండ్లు పంచడం, రక్తదాన శిబిరాలు పెట్టడం, పశుశాలలకు డబ్బివ్వడం చూసి ఇదంతా కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు. పద్ధతి కొత్తదే, కానీ పక్కవాడి మీద బరువు తగ్గించాలన్న ఆలోచన ఆ తొలి వేడుకలోనే ఉంది.

ఒకే మహావీరుడు, వేర్వేరు కథలు

పైన చెప్పిన కథ అందరూ ఒప్పుకునేది కాదు. బ్రాహ్మణ స్త్రీ దేవానంద గర్భంలో ముందు పడ్డాడనీ, హరిణేగమేషి అనే దేవుడు ఆ పిండాన్ని క్షత్రియాణి త్రిశల గర్భంలోకి మార్చాడనీ శ్వేతాంబరులు చెబుతారు. దిగంబరులు దీన్ని అంగీకరించరు. గర్భం దాల్చినప్పుడు తల్లికి వచ్చిన శుభ కలలు శ్వేతాంబరుల లెక్కలో 14, దిగంబరుల లెక్కలో 16. దిగంబరుల జాబితాలో చేపల జంట, సింహాసనం, నాగభవనం అదనంగా ఉంటాయి, ధ్వజం ఉండదు. యశోదను పెళ్లాడాడు, కూతురుంది అని శ్వేతాంబరులు, అసలు పెళ్లే కాలేదని దిగంబరులు. పుట్టిన ఊరి విషయంలోనూ బీహార్‌లో మూడు చోట్ల పేర్లు వినిపిస్తాయి. వైశాలి దగ్గరి బాసోకుండ్, నలందా దగ్గరి కుండల్‌పూర్, జమూయి జిల్లాలోని లఛువాడ్. చరిత్రకారుల్లో ఎక్కువమంది వైశాలి వైపు మొగ్గుతారు. తిథి విషయంలో మాత్రం గొడవ లేదు, అందరికీ చైత్ర శుద్ధ త్రయోదశే.

మరి పోస్టర్ల మీద ఎన్నో జయంతి అని రాసే అంకె? సంప్రదాయం ప్రకారం ఆయన పుట్టింది క్రీ.పూ. 599లో. 2025కు 599 కలిపితే 2624. ఆ ఏడాది పోస్టర్ల మీద కనిపించిందీ అదే. కానీ క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి నిండిన ఏళ్లు 2623. పుట్టిన రోజును కూడా ఒకటిగా లెక్కేస్తే 2624వది. 2001లో భారత ప్రభుత్వం 2600వ జన్మ కల్యాణక సంవత్సరం జరిపింది కూడా 2001 + 599 అనే లెక్కతోనే. చరిత్రకారుల్లో కొందరు బుద్ధుడి కాలాన్ని ఇటు జరుపుతారు కాబట్టి ఆయన సమకాలికుడైన మహావీరుణ్ణీ దాదాపు వందేళ్లు ఇటు జరుపుతారు. ఆ వాదనకు పండగతో పేచీ లేదు.

భాద్రపదంలో ఉయ్యాల, వేలం పాట

ఇప్పుడు ఆ రెండో పుట్టినరోజు సంగతి. శ్వేతాంబరుల్లో విగ్రహారాధన చేసే శాఖవాళ్లు వానాకాలంలో ఎనిమిది రోజులు పర్యూషణ పర్వం చేస్తారు. ఆ రోజుల్లో సాధువులు కల్పసూత్రం చదివి వినిపిస్తారు. ఐదో రోజున మహావీరుడి పుట్టుక ఘట్టం వస్తుంది. అంటే ఆ రోజు జరిగేది పుట్టినరోజు కాదు, పుట్టుక కథ చదివే రోజు. మన దగ్గర రామాయణ ప్రవచనంలో సీతాకల్యాణం వచ్చిన రోజున తలంబ్రాలు పోసినట్టే. విగ్రహారాధన చేయని స్థానకవాసి, తేరాపంథ్ శాఖల్లో ఇప్పుడు చెప్పబోయే వెండి కలలు, ఉయ్యాల తంతు ఉండదు.

ఆ మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతుంది. ఏనుగు, ఎద్దు, సింహం, లక్ష్మి, పూలదండ, చంద్రుడు, సూర్యుడు ఇలా 14 కలలకు వెండితో చేసిన ప్రతిరూపాలుంటాయి. ఒక్కోదాన్నీ పైనుంచి తాడుతో మెల్లగా కిందికి దింపుతారు, తల్లి కలలోకి దిగినట్టు. దాన్ని దింపే, దండ వేసే, ఉయ్యాల ఊపే అవకాశం ఎవరికి దక్కాలన్నదానికి పాట జరుగుతుంది. దీన్ని బోలీ అంటారు.

హైదరాబాద్‌వాళ్లకు వెంటనే బాలాపూర్ లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలై ఇప్పుడు లక్షలు పలుకుతున్న పాట అది. రెండింటికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అక్కడ పాడినవాడు లడ్డూ ఇంటికి పట్టుకెళ్తాడు. ఇక్కడ ఏనుగు బొమ్మ మళ్లీ గుడి బీరువాలోకే వెళ్తుంది. పాడినవాడికి దక్కేది సేవ చేసే అవకాశం ఒక్కటే.

చాలాచోట్ల పాట రూపాయల్లో కాకుండా నెయ్యి మణుగుల్లో సాగుతుంది. ఒక మణుగుకు ఇన్ని రూపాయలని సంఘం ముందే నిర్ణయిస్తుంది. మణుగు 5 రూపాయలనుకుందాం. ఒకాయన 2,001 మణుగులు పాడితే కట్టాల్సింది 10,005 రూపాయలు. కొత్తగా వెళ్లినవాళ్లు ఆ అంకెలు విని గుండె గుభేలుమనడం మామూలే.

అసలు చిక్కు ఆ డబ్బు ఎక్కడికి పోవాలన్న దగ్గర మొదలవుతుంది. జైన సంఘాల్లో డబ్బు ఖాతాలు చాలా కట్టుదిట్టం. విగ్రహం, ఆలయం, శాస్త్రం, సాధువు, సాధ్వి, శ్రావకుడు (గృహస్థుడు), శ్రావిక (గృహిణి) అని పైనుంచి కిందికి ఏడు క్షేత్రాలు. కింది క్షేత్రానికి వచ్చిన డబ్బు పై క్షేత్రానికి వాడొచ్చు, పైదాన్ని కిందికి దించకూడదు. దేవుడి పేరున వచ్చింది దేవద్రవ్యం. జీవదయ ఖాతా పశుపక్ష్యాదులకు మాత్రమే.

ఉదాహరణకు ఒక చిన్న ఊళ్లో 40 కుటుంబాల సంఘం అనుకోండి. ఆ రోజు బోలీల్లో 6 లక్షలు, జీవదయ హుండీలో 50 వేలు, సాధారణ ఖాతాకు 20 వేలు వచ్చాయి. సంఘానికి ఓ పేద విద్యార్థి ఫీజు కట్టాల్సి ఉంది, సాధువులు దిగే ఉపాశ్రయం పైకప్పు కారుతోంది. సంప్రదాయ నియమం ప్రకారం ఆ 6 లక్షలు దేవద్రవ్యం కాబట్టి వీటిలో దేనికీ ముట్టుకోకూడదు. ఆలయ జీర్ణోద్ధరణకే, ఇక్కడ పని లేకపోతే మరో ఊరి పాత గుడికి. జీవదయ 50 వేలు గోశాలకు. ఫీజుకీ, పైకప్పుకీ మిగిలింది ఆ 20 వేలే.

ఇది న్యాయమేనా అన్న వాదన సంఘాల్లో చాలాకాలంగా నడుస్తోంది. కలల బోలీ డబ్బును సాధారణ ఖాతాకు మళ్లిస్తే చదువులకు, వైద్యానికి పనికొస్తుంది కదా అని సంస్కరణవాదులంటారు. ఒప్పుకోనివాళ్ల జవాబు కూడా కొట్టిపారేసేది కాదు. దేవుడి పేరు చెప్పి ఇచ్చినదాన్ని మనుషుల అవసరానికి వాడటం మొదలుపెడితే, ఏ అవసరం ముఖ్యమో తేల్చేది సంఘం పెద్దలే. వాళ్ల సొంత అవసరాలు ముందుకొస్తాయి. నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలో ఎవరూ పట్టించుకోని గుడి కూలిపోతుంది. వందల ఏళ్ల గుళ్లు ఇంకా నిలిచి ఉన్నాయంటే ఈ చాదస్తం కూడా ఒక కారణమేనని నాకనిపిస్తుంది. అలాగని 20 వేలతో పైకప్పూ, ఫీజూ తీరవన్నదీ నిజమే. కొన్ని సంఘాలు మధ్యేమార్గంగా సాధారణ ఖాతాకు విడిగా బోలీలు పెట్టుకుంటున్నాయి.

భక్తి ఖర్చు గుడికా, జనానికా అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద ఒక పాత జవాబుంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద కన్నడ మహాకవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో, దాదాపు 945 ప్రాంతంలో, వేయించిన శాసనం ఉంది. తెలుగులో తొలి కంద పద్యాలుగా మనం చెప్పుకునేవి ఇక్కడివే. కొండ మీద జినుల, అంటే తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి దేవత బొమ్మ చెక్కించిన ఈయన, బసది (జైన ఆలయం)తో పాటు చెరువూ తోటా వేయించినట్టు ఆ శాసనం చెబుతుంది. అది జన్మోత్సవ సందర్భం కాదు. కానీ జినభక్తుడి జాబితాలో చెరువుకు చోటుండటం గమనించాల్సిందే.

దుకాణాలు మూయించడం అహింసేనా?

ఈ పండగ జైనులు కానివాళ్లను నేరుగా తాకేది ఇక్కడే. రాజుతో ఆజ్ఞ వేయించి జంతువధ ఆపించడం జైన చరిత్రలో పాత పద్ధతి. దీన్ని అమారి ఘోషణ అంటారు. 12వ శతాబ్దంలో గుజరాత్ రాజు కుమారపాలుడు జైన పండితుడు హేమచంద్రాచార్యుడి ప్రభావంతో ఇలాంటి ఆజ్ఞలిచ్చాడు. 16వ శతాబ్దంలో జైన ఆచార్యుడు హీరవిజయసూరి మాట మీద అక్బర్ పర్యూషణ రోజుల్లో జంతువధ ఆపమని ఫర్మానా ఇచ్చాడు.

ఇప్పటి చట్టం సంగతికొస్తే, పర్యూషణ సందర్భంగా తొమ్మిది రోజులు అహ్మదాబాద్ కబేళాలు మూసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఆ మూసివేతను సమర్థించింది. ఎవరేం తినాలన్నది వాళ్ల సొంత విషయమని ఒప్పుకుంటూనే, ఏడాదిలో కొద్ది రోజుల ఆంక్ష సమంజసమే అన్నది కోర్టు తర్కం. 2015లో ముంబైలో మాంసం అమ్మకాల నిషేధం మీద మాత్రం బాంబే హైకోర్టు స్టే ఇచ్చింది. కాబట్టి అన్ని నిషేధాలకూ ఒకే తీర్పు వర్తిస్తుందనుకోవడం పొరపాటు. ఎన్ని రోజులు, వధకా అమ్మకానికా, ఏ చట్టం కింద అన్నవి చూడాలి.

రోజు కూలీ మీద బతికే మాంసం కొట్టు పనివాడికి ఒక్క రోజు మూతంటే ఒక్క రోజు సంపాదన పోయినట్టే. ఆ రోజు బతికిన జీవాలకు మాత్రం అది చిన్న విషయం కాదని జైనుల వాదన. అయితే జైన తత్వంలోనే ఇంకో మాటుంది. ఇష్టపూర్వకంగా సహించిన కష్టం వల్ల రాలే కర్మ వేరు, బలవంతాన భరించినదాని వల్ల రాలేది వేరు. రెండోదాన్ని అకామ నిర్జర అంటారు, దాని విలువ తక్కువ. మాంసం మానిపించబడినవాడికి ఆధ్యాత్మికంగా ఒరిగేది పెద్దగా లేదన్నమాట. అందుకే ఉత్తర్వుల కంటే మాట్లాడి ఒప్పించడమే మేలనే జైనులూ ఉన్నారు. జంతువు ప్రాణం ముందు మనిషి పుణ్యం లెక్క దేనికి అనేవాళ్లూ ఉన్నారు.

బతికున్న గురువు పుట్టినరోజైతే?

తీర్థంకరులు 24 మందే. కానీ ఆచార్యుల జయంతులు ఏటా వస్తాయి. అక్కడ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ గురువు ఎదురుగా కూర్చుని ఉంటాడు.

ఆయనకు ఏమిస్తారు? డబ్బు ముట్టుకోడు. ఇల్లు లేదు, చెప్పులు లేవు, నడిచే వెళ్తాడు. ఆయనకిష్టమని పాయసం వండి తీసుకెళ్తే అసలు తీసుకోకూడదు. సాధువు కోసమని ప్రత్యేకంగా వండిన ఆహారం ఉద్దిష్ట దోషం కిందికి వస్తుంది. దిగంబర మునులు రోజుకు ఒక్కసారే, నిలబడి, దోసిట్లో పెట్టించుకుని తింటారు. పైగా సాధువు లెక్కలో దీక్ష తీసుకున్న రోజే అసలు పుట్టుక, పేరు కూడా అప్పుడే మారుతుంది.

దిగంబర శాఖకు చెందిన ఆచార్య విద్యాసాగర్‌నే తీసుకోండి. 1946 అక్టోబర్ 10న, కర్ణాటకలోని సదలగాలో పుట్టారు. ఆ రోజు శరత్ పూర్ణిమ. భక్తులు ఇంగ్లిష్ తేదీని కాక ఆ పున్నమినే పాటిస్తారు. 1968లో అజ్మీర్‌లో ముని దీక్ష తీసుకున్నారు. దానికి యాభై ఏళ్లయినప్పుడు దేశమంతా సంయమ స్వర్ణ మహోత్సవం చేసి, చాలా ఊళ్లలో స్తంభాలు నిలబెట్టారు. 2024 ఫిబ్రవరిలో డోంగర్‌గఢ్‌లో సల్లేఖనతో, అంటే వ్రతంగా ఆహారం మానుకుంటూ, దేహం విడిచారు.

తేరాపంథ్‌లో దారి వేరు. 1914లో లాడ్నూలో పుట్టిన ఆచార్య తులసి 1949లో అణువ్రత ఉద్యమం మొదలుపెట్టారు. గృహస్థులు పాటించగల చిన్న చిన్న నియమాలతో, ఏ మతంవాళ్లయినా చేరగలిగేలా నడిచింది అది. ఆయన పుట్టిన కార్తీక శుద్ధ విదియను అనుయాయులు అణువ్రత దినంగా జరుపుకుంటారు. మనిషి పుట్టినరోజు ఒక నియమం పేరుతో మిగలడం ఇక్కడి విశేషం.

స్తంభమా, నియమమా అని పోటీ పెట్టనక్కర్లేదు. స్తంభం చూసి నియమం పట్టేవాళ్లూ ఉంటారు. కాకపోతే గురువు ఫోటో కంటే దాతల ఫోటోలు పెద్దవిగా ఉన్న ఫ్లెక్సీలు చూసినప్పుడు నాకు అనుమోదన మాటే గుర్తొస్తుంది, అక్కడ ఎవర్ని ఎవరు మెచ్చుకుంటున్నారో అర్థం కాదు.

ఎక్కువ సంఘాల్లో కనిపించేది ఈ రెండింటి మధ్య పద్ధతి. గురువు గుణాలు చెప్పుకునే సభ, ఆ పైన లెక్క కట్టి నియమాలు. గురువుకు 60 ఏళ్లు నిండితే 60 సామాయికాలు, 60 ఆయంబిళాలు అని పెట్టుకుంటారు. సామాయికం అంటే 48 నిమిషాలు అన్ని పనులూ మాని సమభావంతో కూర్చోవడం. అరవై కలిపితే 48 గంటలు. సంఘమంతా పంచుకుంటే పెద్ద కష్టం కాదు. ఆయంబిళమే గట్టిది. రోజుకు ఒక్కపూట, నెయ్యి, నూనె, పాలు, పెరుగు, బెల్లం ఏవీ లేకుండా, కారం తాలింపు లేని చప్పిడి తిండి. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనకు ఆ ఒక్క పూటే మహా తపస్సు. మిగతావాళ్ల భోజనాలు కూడా పొద్దుగూకక ముందే ముగుస్తాయి, సంప్రదాయం పాటించే ఇళ్లలో రాత్రి భోజనం ఉండదు. ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాద్‌లో అయితే సాయంత్రం ఆరున్నరకల్లా ఆకులెత్తేయాలి.

ఈ అంకెల పద్ధతి మీదా విమర్శ ఉంది. లెక్క మొదలైతే పోటీ మొదలవుతుంది, ఏ సంఘం ఎన్ని చేసిందన్నది గొప్పల కిందికి దిగుతుంది అని. ఫలం కోరి తపస్సును బేరం పెట్టడాన్ని జైన శాస్త్రం నిదానం అంటుంది, లోపల దిగబడిన ముల్లుగా లెక్కిస్తుంది. పేరు కోసం చేసిన ఆయంబిళం ఆ కోవలోకే వస్తుందని కొందరు సాధువులు సభలోనే హెచ్చరిస్తారు. మరోవైపు, సభలో అందరితో కలిసి చెయ్యెత్తకపోతే ఆ ఒక్క పూట కూడా చేసేవాళ్లు కాదని సంఘం పెద్దలు అంటారు. అది కూడా వాళ్లు ఏళ్ల తరబడి జనాన్ని చూసి చెప్పే మాటే. అందుకే కొందరు సభలో చెయ్యెత్తకుండా, జనం వెళ్లిపోయాక గురువు దగ్గరికి వెళ్లి చేతులు జోడించి ప్రత్యాఖ్యానం, అంటే ఫలానాది మానేస్తానన్న నియమం, తీసుకుంటారు.